‘ఇంపోర్ట్’ ఒక్కటే మాట, భాషకో రకం పని

విశాఖ మద్దిలపాలెంలో మా మేడ మీద గదిలో ఇద్దరు ఇంజనీరింగ్ అబ్బాయిలు అద్దెకుంటున్నారు. ఒకరోజు రాత్రి పది దాటాక లాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగారు. "అంకుల్, సాయంత్రం బాగానే నడిచిన ప్రోగ్రాం ఇప్పుడు నడవట్లేదు. మేమేం మార్చలేదు. రేపు పొద్దున్నే సబ్మిషన్" అన్నారు. ఇద్దరి మొహాల్లోనూ టెన్షన్. పైథాన్‌లో రాసిన చిన్న పాచికలాట అది. రాండమ్ మాడ్యూల్‌లో యాదృచ్ఛిక అంకె ఇచ్చే రాండింట్ అనే ఫంక్షనే లేదని ఎర్రర్ వస్తోంది.

నిజానికి వాళ్లు ఒకటి మార్చారు. అది మార్పు కిందికి వస్తుందని వాళ్లకి తోచలేదు. అంతకుముందు ‘టెస్ట్1’ అని ఉన్న ఫైలుకి, సబ్మిట్ చేసేది కదా అని, ‘రాండమ్.పీవై’ అని మంచి పేరు పెట్టారు. ప్రోగ్రాంని ఆపేసింది ఆ పేరే.

అంతకుముందు సెమిస్టర్‌లో ఇదే పిల్లలు సీ ల్యాబ్ గురించి ఇంకో ప్రశ్న తెచ్చారు. గణిత ఫంక్షన్ల ఫైలు మ్యాథ్.హెచ్‌ని ఇంక్లూడ్ చేశారు, అయినా లినక్స్ మెషీన్ మీద కంపైల్ చేస్తే వర్గమూలం ఫంక్షన్ దొరకలేదంటోంది. పైన అంత స్పష్టంగా రాశాక ఎందుకు దొరకదు?

రెండు చిక్కుల మూలమూ ఒక్కటే. ప్రోగ్రాం మొదట్లో రాసే ఆ ఒక్క లైను అసలు ఏ పని చేస్తుంది? మొదటి ఏడాది సీ, తర్వాత జావా, పైథాన్, ఉద్యోగం వెతుక్కునేటప్పుడు జావాస్క్రిప్ట్ నేర్చుకునే మన పిల్లలు ఈ లైన్లన్నీ ఒకటే అనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, పైకి అలాగే కనిపిస్తాయి. లోపల జరిగేది మాత్రం భాషకో తీరు.

మాడ్యూల్ అంటే ఏమిటి, దాన్ని ‘తెచ్చుకోవడం’ అంటే ఏమిటి

ప్రోగ్రాం పెద్దదైతే ఒకే ఫైల్లో పట్టదు. సంబంధమున్న పనులన్నీ ఒకచోట చేర్చి, ఒక పేరు పెట్టి, బయటివాళ్లకి ఏది కనిపించాలో ఏది కనిపించకూడదో తేల్చుకున్న ముక్కే మాడ్యూల్. ‘కనిపించకూడదు’ అన్న సంగతి చాలామంది వదిలేస్తారు కానీ అసలు విషయం అందులోనే ఉంది. మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్నీ ఒక్కో మాడ్యూల్ లోపల దాచాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లోనే రాశారు. లోపల ఏం మారినా బయటివాళ్ల కోడు చెడకూడదని ఆయన ఉద్దేశం.

ఒక మాడ్యూల్‌లో ఉన్నదాన్ని ఇంకో ఫైలు వాడుకునేలా చేసేది ఇంపోర్ట్. ‘ఫ్రమ్ ఫలానా ఇంపోర్ట్ ఫలానా’ అన్న వాక్యం పైథాన్‌లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. అంతకు పదేళ్లకు పైగా ముందే నిక్లాస్ విర్త్ తయారుచేసిన మాడ్యులా-2 భాషలో ఆ రూపం ఉంది.

ఏ భాషలోనైనా ఈ వాక్యం గురించి మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి. చెప్పిన పేరుని ఎక్కడ వెతుకుతుంది? దొరికాక దాన్ని ఏం చేస్తుంది? అంతా అయ్యాక మన ఫైల్లో ఏం మిగులుతుంది? భాషల మధ్య తేడాలన్నీ ఈ మూడింటి దగ్గరే వస్తాయి.

సీ: కాగితాలు వస్తాయి, సరుకు వేరే దారిన వస్తుంది

సీ భాషలో ఇంక్లూడ్ చేసే పని చాలా చిన్నది. కోడుని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ పని మొదలయ్యేలోపే, మీరు చెప్పిన ఫైల్లోని అక్షరాలన్నీ తెచ్చి ఆ లైను ఉన్నచోట అతికిస్తుంది. అంతకు మించి ఏమీ చేయదు. కోణాకారపు బ్రాకెట్లలో పేరు రాస్తే సిస్టమ్ ఫోల్డర్లలో వెతుకుతుంది, కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ముందు మీ ఫైలు ఉన్న ఫోల్డర్లో చూస్తుంది.

మ్యాథ్.హెచ్‌లో వర్గమూలం కట్టే కోడు ఉండదు. "ఈ పేరుతో ఒక ఫంక్షన్ ఉంది, ఒక డబుల్ (దశాంశ సంఖ్య) తీసుకుని ఒక డబుల్ ఇస్తుంది" అన్న ప్రకటన మాత్రమే ఉంటుంది. అసలు కోడు లైబ్రరీ ఫైల్లో ఉంటుంది. దాన్ని తెచ్చి కలిపేది ఇంక్లూడ్ కాదు, చివర్లో వచ్చే లింకర్. మన పోర్టులో పనిచేసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: ఫలానా సరుకు వస్తోందని కాగితాలు చేతికందాయి, కంటైనర్ ఇంకా దిగలేదు. లినక్స్‌లో జీసీసీతో కంపైల్ చేసేటప్పుడు కమాండ్ చివర హైఫన్, ఎల్, ఎం కలిపి రాస్తే లింకర్ గణిత లైబ్రరీని కూడా వెతుకుతుంది. ఆ పిల్లల ప్రోగ్రాం అలాగే కుదిరింది.

కావాలంటే ఇది పరీక్షించి చూడొచ్చు. ఎస్‌టీడీఐఓ.హెచ్‌ని తీసేసి, ప్రింట్ఎఫ్ ప్రకటన ఒక్కటీ మీ చేత్తో సరిగ్గా రాయండి. ప్రోగ్రాం మామూలుగానే నడుస్తుంది.

అతికించే పద్ధతికి ఖర్చుంది. ఒకే హెడర్ (ఇలా ఇంక్లూడ్ చేసే ఫైలు) రెండుసార్లు అతుక్కుంటే ఒకే నిర్వచనం రెండుసార్లు వచ్చి ఎర్రర్ అవుతుంది, అందుకే ప్రతి హెడర్ పైనా ఒక కాపలా షరతు రాస్తారు. ఒక హెడర్‌లోని మ్యాక్రో (ఒక పేరు కనిపించినచోటల్లా వేరే పాఠం పెట్టమనే సూచన) తర్వాత వచ్చే హెడర్ అర్థాన్ని మార్చేయగలదు. వంద ఫైళ్లు ఒకే పెద్ద హెడర్‌ని వాడితే కంపైలర్ దాన్ని వందసార్లు చదవాలి. ఈ భారం తగ్గించడానికే సీ ప్లస్ ప్లస్‌లో 2020 ప్రమాణం అసలైన మాడ్యూళ్లని తెచ్చింది. ఉన్న కోడంతా హెడర్ల మీద నిలబడి ఉండడంతో ఆ మార్పు నెమ్మదిగా సాగుతోంది.

జావా: పొడుగు పేరుకి పొట్టి పేరు

విశాఖలో ఆటో ఎక్కి "కాంప్లెక్స్" అంటే చాలు, ఆర్టీసీ బస్టాండుకి తీసుకెళ్తారు. ద్వారకా బస్ స్టేషన్ అన్న పూర్తి పేరు ఎవరూ చెప్పరు. జావాలో ఇంపోర్ట్ చేసేది సరిగ్గా ఇదే. "ఈ ఫైల్లో లిస్ట్ అంటే జావా.యుటిల్.లిస్ట్ అని అర్థం చేసుకో" అని కంపైలర్‌కి చెప్పడం. ఏ కోడూ నడవదు, ఏదీ అతకదు. కంపైలైన క్లాస్ ఫైల్లో ఇంపోర్ట్ లైన్ల జాడే ఉండదు, పూర్తి పేర్లు మాత్రమే ఉంటాయి. నడిచేటప్పుడు ఆ క్లాసు మొదటిసారి అవసరమైనప్పుడు దాన్ని క్లాస్ లోడర్ తెస్తుంది.

అందుకే ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే ఒక జవాబు తప్పు. "స్టార్ పెట్టి ఇంపోర్ట్ చేస్తే ప్రోగ్రాం బరువెక్కుతుంది" అంటారు. జావాలో బరువెక్కదు. యుటిల్ తర్వాత స్టార్ పెడితే ఆ ప్యాకేజీలోని పేర్లని కూడా గుర్తుపట్టమని చెప్పినట్టు, అంతే. దాని కింద ఉండే కంకరెంట్ అనే ప్యాకేజీ అందులో కలవదు కూడా.

స్టార్‌తో వచ్చే అసలు ఇబ్బంది పేర్ల గొడవ. యుటిల్‌లో డేట్ ఉంది, ఎస్‌క్యూఎల్‌లో కూడా డేట్ ఉంది. రెండింటికీ స్టార్ పెట్టి డేట్ అని రాస్తే కంపైలర్ ఏది కావాలో చెప్పమంటుంది. "రైతు బజార్‌కి పోనీ" అంటే "ఎంవీపీ కాలనీదా, సీతమ్మధారదా?" అని ఆటో డ్రైవర్ అడిగినట్టు. అప్పుడు పూర్తి పేరు రాయాల్సిందే. అయినా చిన్న ప్రోగ్రాములు రాసేవాళ్లకి పొడుగు ఇంపోర్ట్ జాబితాలు విసుగే కాబట్టి, 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో ఒక మాడ్యూల్ బయటపెట్టే ప్యాకేజీలన్నిటినీ ఒకే లైనుతో ఇంపోర్ట్ చేసే సౌకర్యం ఖాయమైంది.

పైథాన్: తెచ్చుకోవడమంటే నడపడం

ఇప్పుడు ఆ రాత్రి సంగతికొద్దాం. పైథాన్‌లో ఇంపోర్ట్ అతికించదు, పేరు కుదించి ఊరుకోదు. ఆ ఫైలుని పైనుంచి కింది దాకా నడిపిస్తుంది. అందులో ప్రింట్ ఉంటే అచ్చవుతుంది, ఫైలు తెరిచే లైనుంటే ఫైలు తెరుచుకుంటుంది. ఫంక్షన్ నిర్వచనం కూడా పైథాన్‌కి నడిచే వాక్యమే. అలా నడిచాక పుట్టిన పేర్లన్నీ ఒక మాడ్యూల్ వస్తువులో చేరతాయి. ఆ వస్తువుని సిస్.మాడ్యూల్స్ అనే జాబితాలో పెట్టుకుంటుంది. రెండోసారి ఎవరు ఇంపోర్ట్ చేసినా ఫైలు మళ్లీ నడవదు, జాబితాలో ఉన్నదే తీసిస్తుంది. జూపిటర్ లాంటి నోట్‌బుక్‌లో పనిచేస్తూ పక్క ఫైలు మార్చి మళ్లీ ఇంపోర్ట్ కొడితే పాత కోడే కనిపించడానికి కారణం ఇదే.

ఇక వెతకడం. ముందు ఆ జాబితా చూస్తుంది. తర్వాత ఇంటర్‌ప్రెటర్ (పైథాన్ కోడుని నడిపే ప్రోగ్రాం) లోపలే కలిసిపోయిన మాడ్యూళ్లు. ఆ తర్వాత సిస్.పాత్‌లోని ఫోల్డర్లు, వరసగా. ఒక ఫైలుని నేరుగా నడిపితే ఆ ఫోల్డర్ల వరసలో మొదటిది ఆ ఫైలు ఉన్న ఫోల్డరే. పైథాన్‌తో పాటు వచ్చే లైబ్రరీ దాని వెనక నిలబడుతుంది.

మా అబ్బాయిల ప్రోగ్రాంలో జరిగింది చూడండి. రాండమ్.పీవైని నడిపారు. అప్పుడు దాని పేరు పైథాన్ లెక్కలో ‘మెయిన్’. మొదటి లైను ఇంపోర్ట్ రాండమ్. జాబితాలో రాండమ్ లేదు. మొదటి ఫోల్డర్లో వెతికితే రాండమ్.పీవై దొరికింది, అది వీళ్ల ఫైలే. సరేనని దాన్నే ఈసారి ‘రాండమ్’ అన్న పేరుతో మళ్లీ నడపడం మొదలుపెట్టింది. మళ్లీ మొదటి లైను ఇంపోర్ట్ రాండమ్. ఈసారి జాబితాలో ఉంది, కానీ అది సగంలో ఉన్న, ఇంకా ఏ పేరూ చేరని మాడ్యూల్. రెండో లైనులో రాండింట్ అడిగారు, లేదంది. ఒకే ఫైలు రెండు పేర్లతో రెండుసార్లు నడిచిందన్నమాట. ఫైలు పేరు మార్చగానే అంతా సర్దుకుంది.

పైథాన్ 3.13 నుంచి ఈ సందర్భంలో "మీ ఫైలుకి ప్రామాణిక లైబ్రరీ మాడ్యూల్ పేరే ఉంది, మార్చుకోండి" అని ఎర్రర్‌లోనే సూచన వస్తోంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంత మేలు చేసిన మార్పు ఈమధ్య ఇంకోటి లేదని నా అభిప్రాయం. అన్నట్టు, ఫైలుకి టైమ్.పీవై అని పేరు పెడితే ఈ గొడవ రాదు. టైమ్ ఇంటర్‌ప్రెటర్ లోపలే ఉంటుంది కాబట్టి ఫోల్డర్ల దాకా వెతకాల్సిన పని పడదు.

వంజరం రేటు: 900 వస్తుందా, 950 వస్తుందా

మూడో సంగతి, అంటే మన ఫైల్లో ఏం మిగులుతుందన్నది, చాలా తప్పులకి మూలం. ఒక ఉదాహరణతో చూద్దాం. ‘రేట్లు’ అనే పైథాన్ ఫైల్లో వంజరం అనే వేరియబుల్ విలువ 900 అనుకుందాం. ‘పెంచు’ అనే ఫంక్షన్ దానికి 50 కలుపుతుంది.

ఇంకో ఫైల్లో ‘ఫ్రమ్ రేట్లు ఇంపోర్ట్ వంజరం, పెంచు’ అని రాశాం. పెంచుని పిలిచి, వంజరం విలువ అచ్చు వేశాం. 900 వస్తుంది. అదే ‘ఇంపోర్ట్ రేట్లు’ అని మాత్రం రాసి, పెంచుని పిలిచాక రేట్లు.వంజరం అని అడిగితే 950 వస్తుంది.

ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి పొద్దున్న రేటు అడిగి చీటీ మీద రాసుకున్నారనుకోండి. గంట తర్వాత రేటు మారితే మీ చీటీ మారదు. ఫ్రమ్‌తో తెచ్చుకున్న పేరు ఆ చీటీ లాంటిది: ఆ క్షణాన ఉన్న విలువకి మీ ఫైల్లో కొత్తగా పెట్టుకున్న పేరు. రేట్లు.వంజరం అని రాయడం ప్రతిసారీ వెళ్లి అడగడం. ఒక మెలిక ఉంది. వంజరం ఒక అంకె కాకుండా, చేపలన్నిటి ధరలూ ఉన్న డిక్షనరీని ఫ్రమ్‌తో తెచ్చుకుంటే, దాని లోపల జరిగే మార్పులు ఇద్దరికీ కనిపిస్తాయి. ఎందుకంటే రెండు పేర్లూ చూపేది ఒకే డిక్షనరీని.

ఇదే ప్రోగ్రాంని జావాస్క్రిప్ట్ ఇంపోర్ట్‌తో రాస్తే, పైకి ఫ్రమ్ లాగే కనిపించే వాక్యం 950 ఇస్తుంది. అక్కడ ఇంపోర్ట్ అయిన పేరు నకలు కాదు, అవతలి వేరియబుల్‌కే నేరుగా కట్టిన ముడి. అవతల మారితే ఇవతలా మారుతుంది. ఇవతల నుంచి మార్చబోతే మాత్రం ఎర్రర్ వస్తుంది. అదే జావాస్క్రిప్ట్‌లో పాత రిక్వైర్ పద్ధతిలో, ఎగుమతి వస్తువులో వంజరం విలువని పెట్టి పంపితే, మళ్లీ 900. విలువ ఎగుమతి చేసేటప్పుడే ఆ వస్తువులోకి నకలైపోయింది కాబట్టి.

జావాస్క్రిప్ట్‌లో రెండు పద్ధతులు ఎందుకున్నాయి

1995లో పుట్టినప్పుడు జావాస్క్రిప్ట్‌కి మాడ్యూళ్లే లేవు. పేజీలో స్క్రిప్టులు వరసగా పెట్టేవారు, పైస్థాయి పేర్లన్నీ ఒకే గ్లోబల్ గంపలో పడేవి. 2009లో బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ వచ్చి, అది సర్వర్ మీద నడవడం మొదలయ్యాక రిక్వైర్ స్థిరపడింది. రిక్వైర్ మామూలు ఫంక్షన్. ఇఫ్ లోపల పిలవొచ్చు, పేరుని అప్పటికప్పుడు తయారుచేసి ఇవ్వొచ్చు. ఫైలు డిస్క్ మీదే ఉంటుంది కాబట్టి చదివేదాకా ఆగినా నష్టం లేదు.

బ్రౌజర్లో అలా ఆగడం కుదరదు. ఫైలు నెట్ మీద రావాలి. ఏమేం కావాలో కోడు నడవకముందే తెలియాలి. 2015 ప్రమాణంలో వచ్చిన ఇంపోర్ట్ అందుకే ఫైలు పైస్థాయిలోనే ఉండాలి, మాడ్యూల్ పేరు నేరుగా రాసి ఉండాలి. ఈ కట్టుబాటు వల్ల ఒక లాభం వచ్చింది: ఎవరూ వాడని ఫంక్షన్లేవో పనిముట్లు ముందే పసిగట్టి వాటిని తీసేయగలవు. నడిచేటప్పుడు తేల్చుకోవాల్సిన అవసరం నిజంగా ఉన్నవాళ్లకి ఫంక్షన్ లాంటి ఇంపోర్ట్ 2020లో విడిగా వచ్చింది.

రెండు పద్ధతులూ పక్కపక్కనే బతకడం వల్ల "మాడ్యూల్ బయట ఇంపోర్ట్ వాడకూడదు" అన్న ఎర్రర్ చూడని విద్యార్థి లేడు. నోడ్ ఒక ఫైలుని ఏ పద్ధతిలో చదవాలో దాని పేరు చివరి పొడిగింపుని బట్టీ, ప్రాజెక్టు వివరాలుండే ప్యాకేజ్.జేసన్‌లో ‘టైప్’ దగ్గర రాసినదాన్ని బట్టీ నిర్ణయిస్తుంది. 2024 డిసెంబరులో వచ్చిన నోడ్ 22.12 నుంచి కొత్త పద్ధతి మాడ్యూళ్లని కూడా రిక్వైర్‌తో తెచ్చుకోవచ్చు, పైస్థాయిలో అవెయిట్ (ఒక పని పూర్తయ్యేదాకా ఆగమనే మాట) ఉన్నవి తప్ప.

ఒకదాన్నొకటి పిలుచుకుంటే

‘బిల్లు’ ఫైలు ‘స్టాకు’ని, ‘స్టాకు’ మళ్లీ ‘బిల్లు’ని ఇంపోర్ట్ చేస్తే? పైథాన్ దీన్ని ఆపదు. బిల్లు సగంలో ఉండగా స్టాకు నడుస్తుంది, అది సగం బిల్లుని చూస్తుంది. అందులోంచి ఫ్రమ్‌తో పేరు లాగబోతే ఎర్రర్. ఇంపోర్ట్ బిల్లు అని ఊరుకుని, తర్వాతెప్పుడో ఫంక్షన్ లోపల వాడుకుంటే ఏ గొడవా ఉండదు. అదృష్టం మీద నడుస్తున్నట్టు అనిపించే కోడు చాలాసార్లు ఇదే.

గో భాష ఇలాంటి చుట్టరికాన్ని పూర్తిగా నిషేధించింది. వాడని ఇంపోర్ట్ ఉన్నా కంపైల్ చేయదు. ఈ పట్టు వల్ల కంపైలింగ్ వేగంగా సాగుతుంది, ఏది దేని మీద ఆధారపడిందో స్పష్టంగా ఉంటుంది. ఇష్టపడనివాళ్ల వాదనలోనూ బలముంది: డీబగ్ చేస్తూ ఒక ప్రింట్ లైను తీసేస్తే పైన ఇంపోర్ట్ కూడా తీయాలి, సహజంగా కలిసి ఉండే రెండు ముక్కల్ని విడదీయడానికి మూడో ప్యాకేజీ పుట్టించాలి. ఏళ్ల తరబడి నిలవాల్సిన, చాలామంది చేతులు పడే కోడుకి గో పద్ధతే మేలని నాకనిపిస్తుంది. నేర్చుకుంటూ ప్రయోగాలు చేసేవాళ్లకి పైథాన్ సడలింపే హాయి.

ఇంపోర్ట్ అంటే డౌన్‌లోడ్ కాదు

పైథాన్‌లో ఇంపోర్ట్ నెట్ నుంచి ఏదీ తేదు. తెచ్చేది పిప్ అనే వేరే పనిముట్టు. పైగా రెండు పేర్లూ ఒకటే అవ్వాలని లేదు. పిప్‌తో ఓపెన్‌సీవీ-పైథాన్ తెచ్చుకుని సీవీ2 అని ఇంపోర్ట్ చేయాలి, పిల్లో తెచ్చుకుని పీఐఎల్ అనాలి. తెచ్చినదాన్ని ఒక పైథాన్‌లో పెట్టి ఇంకో పైథాన్‌తో ప్రోగ్రాం నడపడం ల్యాబుల్లో రోజూ జరిగేదే.

తెచ్చుకోవడం సులువైతే దాని ప్రమాదం దానికుంది. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగి ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే ప్యాకేజీని రాసినవారు తీసేశారు. ఎడమవైపు ఖాళీలు నింపే 11 లైన్ల కోడు అది. దాని మీద ఆధారపడ్డామని తెలియనివాళ్ల ప్రాజెక్టులు కూడా ప్రపంచమంతా ఆగిపోయాయి. వాళ్లు నేరుగా దాన్ని ఇంపోర్ట్ చేయలేదు, వాళ్లు తెచ్చుకున్నది ఇంకోదాన్ని, అది మరోదాన్ని తెచ్చుకుంది.

ఇప్పుడు చర్చలో ఉన్నది: బద్ధకపు ఇంపోర్ట్

ఇంపోర్ట్ అంటే నడపడం కాబట్టి పెద్ద పైథాన్ ప్రోగ్రాములు మొదలవడానికే సమయం తీసుకుంటాయి. సహాయం చూపించమని అడిగినా ముందు అన్ని లైబ్రరీలూ నడవాలి. పేరు నిజంగా వాడేదాకా మాడ్యూల్‌ని నడపకుండా ఆపుదామన్న ప్రతిపాదన 2022లో వచ్చింది, కానీ తిరస్కరించారు. ప్రోగ్రాం మొత్తానికీ ఒకేసారి ప్రవర్తన మారిపోతుందన్నది ప్రధాన అభ్యంతరం. 2025 నవంబరులో ఇంకో రూపాన్ని ఆమోదించారు. అందులో మామూలుగా ‘లేజీ’ అని ముందు రాసిన ఇంపోర్ట్ మాత్రమే వాయిదా పడుతుంది. పైథాన్ 3.15లో రావాలని దాని లక్ష్యం. అభ్యంతరం పూర్తిగా పోలేదు: మాడ్యూల్ లేదన్న ఎర్రర్ ఇప్పుడు మొదటి లైను దగ్గరే వస్తోంది, వాయిదా వేస్తే ఎక్కడో మధ్యలో, వాడకందారు ముందు రావచ్చు.

మన తెలుగు పేర్లు ఏ భాషలో దాటతాయి

పైన రేట్లు, వంజరం అని తెలుగులో రాసింది మాట వరసకి కాదు. పైథాన్ 3లో, జావాస్క్రిప్ట్‌లో, జావాలో పేర్లు తెలుగు అక్షరాల్లో నిజంగా పెట్టుకోవచ్చు. మా అబ్బాయిలకి చూపిస్తే చాలా సంబరపడి, అదే ప్రోగ్రాంని గోలో రాయడానికి కూర్చున్నారు. కుదరలేదు. గో పేర్లలో అక్షరాలనీ అంకెలనీ మాత్రమే ఒప్పుకుంటుంది. యూనికోడ్ లెక్కలో మన గుణింతాల గుర్తులు, పొల్లు, సున్నా ‘అక్షరాలు’ కావు, అక్షరానికి తగిలించే గుర్తులు. అందుకని ‘రేట్లు’ దాని దృష్టిలో చెల్లని పేరు. గుణింతమే లేకుండా ‘ధర’ అని పెడితే ఒప్పుకుంటుంది, కానీ ఆ పేరు ప్యాకేజీ బయటికి కనిపించదు. గోలో పేరు పెద్ద అక్షరంతో మొదలైతేనే వేరే ప్యాకేజీలు వాడుకోగలవు, తెలుగులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడా లేదు. ‘ధర’కి ముందు ఇంగ్లీషు పెద్ద ఎక్స్ తగిలించాక అబ్బాయిలు ఆ పేరుని వేరే ప్యాకేజీ నుంచి వాడుకోగలిగారు.